గీత కాళహస్తిది, లాభం ఎవరిది?

కలంకారీ పనితనం తెలియాలంటే రంగుల జోలికి పోకండి, ముందు నల్లగీత చూడండి. రాముడి నుదుటి దగ్గర మొదలైన గీత ముక్కు మీదుగా దిగి, పెదవి దగ్గర సన్నబడి, గడ్డం కింద మళ్లీ లావెక్కి మెడలోకి జారుతుంది. ఎక్కడా అతుకు కనపడదు. చెరపడానికి రబ్బరు లేదు, కప్పేయడానికి తెల్లరంగు లేదు. పడిన గీత పడినట్టే. శ్రీకాళహస్తి వ్రాతపనిలో మంచి చెయ్యేదో, మామూలు చెయ్యేదో తేలిపోయేది అక్కడే.

ఇంత పని చేసే కలాన్ని చూస్తే మాత్రం ఎవరికైనా నవ్వొస్తుంది. వెదురు పుల్లకు మొన చెక్కి, మొనకు కాస్త పైన ఉన్నో పాత గుడ్డో చుట్టి, దారంతో బిగించి కట్టేస్తారు. కలమంటే అంతే. రంగులో ముంచితే ఆ చుట్ట పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కిన కొద్దీ మొనకు దిగుతుంది. ఎంత నొక్కాలన్నది వేలికే తెలియాలి. ఒక్క పిసరు ఎక్కువైందా, సీతమ్మ కంట్లో మసి బొట్టు!

కలం పెట్టే ముందు, గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. కరక్కాయ వగరు నలుపును పుట్టిస్తుంది. ఆ నలుపు సంగతి వింటే ముచ్చటేస్తుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వేసి, కుండ మూతి కట్టి, రోజుల తరబడి పులియబెడతారు. కసిమి అంటారు దాన్ని. కుండలో ఉన్నంతసేపూ అది నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకాకే నల్లబడుతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో లేతగా గీసుకున్న బొమ్మ మీద ఈ కసిమి గీత పడగానే పాత్రలు లేచి కూర్చుంటాయి.

ఎరుపుది మరో గమ్మత్తు. ఎరుపు కావలసిన చోట చిత్రకారుడు ఎరుపు పూయడు, పటిక నీళ్లు పూస్తాడు. ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ వేరు, సురుడు చెక్క వేసిన కాగులో ఉడికిస్తే పటిక పడినంత మేరా ఎర్రబడుతుంది. మిగతా చోట్ల అంటిన రంగును ఉతుకూ ఎండా తీసేస్తాయి. తర్వాత గుడ్డ మళ్లీ పాలలో మునుగుతుంది. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ. రాముడికీ కృష్ణుడికీ నీలం, ఆడవాళ్లకు పసుపు, రాక్షసులకు ఎరుపు అన్నది పాత కట్టుబాటు.

నీళ్లు పారేవే ఎందుకంటే, నిలవ నీళ్లలో వదిలిన పటిక పక్కకు పాకి ఖాళీ జాగాలను కూడా ఎర్రబరుస్తుంది. ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది అందుకే. ఇప్పుడా ఏరు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. నీళ్లున్న వాన రోజుల్లో గుడ్డ ఆరేందుకు ఎండ ఉండదు, ఎండ కాసే రోజుల్లో ఉతికేందుకు ఏరు ఉండదు. బోరు నీళ్లతో నెట్టుకొస్తున్న ఇళ్లెన్నో.

ఈ కళ పుట్టుక గురించి తలా ఒక మాట చెబుతారు. విజయనగర రాజులనే వాళ్లున్నారు, అంతకుముందే ఉందని పట్టుబట్టే వాళ్లున్నారు. ఆ తగవు చరిత్రకారులు తీర్చుకుంటారు. గుడి గోడలకూ రథాలకూ కట్టేందుకు గీశారన్నది మటుకు బొమ్మలే చెబుతాయి. నట్టనడుమ పట్టాభిషేకం, చుట్టూ వరసలు వరసలుగా రామాయణ ఘట్టాలు, ఒక్కో వరస కింద తెలుగులో రాత. చదువు రానివాడికి బొమ్మ, వచ్చినవాడికి బొమ్మా మాటా. 1880లలో కాళహస్తిలో పెద్ద సుబ్బరాయుడు గీసిన రామాయణం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

ఆపైన జమీందారులు పోయారు, కొనేవాళ్లు కరువయ్యారు. 1950ల నాటికి కలం పట్టే చేతులు వేళ్ల మీద లెక్కకు వచ్చాయి. చేతివృత్తులను నిలబెట్టడానికి నడుం కట్టిన కమలాదేవి చట్టోపాధ్యాయ పట్టుదలతో ఆ దశాబ్దం చివర్లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అందులో గురువయ్యారు. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కథను ఘట్టాలుగా విడగొట్టి గుడ్డంతా సర్దడంలో ఆయనకు సాటి ఎవరని అడిగితే నేను జవాబు కోసం వెతకను. నాది పక్షపాతమంటారా? అవును, పక్షపాతమే.

బందరు అభిమానులు కోప్పడినా ఇంకో మాట. మచిలీపట్నం, పెడన అచ్చుల అద్దకం గొప్ప పనే. టేకు చెక్కలో అంత సన్నటి తీగను చెక్కే వాడికి నేనూ దండం పెడతాను. కానీ అచ్చు ఒకసారి చెక్కితే అదే పువ్వు నూరుసార్లు పూస్తుంది. కలం రెండోసారి అదే పువ్వును పూయించలేదు. నా ఓటు కలానికే.

ఈ కలం పనికి నకళ్లు కొత్తవేమీ కావు. కోరమండల్ తీరపు రంగు గుడ్డల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో వాటి మీద నిషేధం పెట్టింది, ఆపై ఇంగ్లండూ అదే బాట పట్టింది. 1734లో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో ఈ పనిని దగ్గరుండి చూసి, దశ దశకూ గుడ్డ ముక్క కత్తిరించి, తయారీ అంతా రాసుకుపోయాడు. దొంగతనమే అనుకోండి. అయినా ఆ దొంగ పని విలువ తెలిసినవాడు. కరక్కాయ దగ్గర్నుంచి కాగు దాకా అంతా కావాలనుకున్నాడు.

ఇవాళ్టి దొంగకు అవేవీ అక్కర్లేదు, బొమ్మ ఒక్కటి చాలు. ఎవరో నెలల తరబడి గీసిన పటాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, పాలియెస్టర్ మీద గజాల కొద్దీ గుద్దేస్తాడు. దాని పేరు కూడా కలంకారీయే! కొట్లో రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి. అసలు చీర ధర చెప్పగానే కొనేవాళ్లు నకలు వైపు చెయ్యి చూపి ‘అంత తక్కువకు వస్తుంటే ఇదెందుకు?’ అంటారు. భౌగోళిక సూచిక గుర్తింపు దేశంలో తొలి విడతల్లోనే కాళహస్తి కలంకారీకి దక్కింది. ఆ కాగితం కొట్టువాడి చెయ్యి పట్టుకుని ఆపదు కదా!

అంతకన్నా మండిపోయే సంగతి ‘పెన్ కలంకారీ’ పట్టుచీరలది. గీసేది చేత్తోనే, కానీ చాలావాటిలో పాలు లేవు, కరక్కాయ లేదు. సీసాలో కొన్న రసాయన రంగులు. గీసినవాళ్లను తప్పు పట్టలేను. వ్యాపారి గుడ్డ ఇచ్చి గడువు పెడతాడు, కూలి ముక్క లెక్కన కడతాడు. కాగు పెట్టి, ఏటికి వెళ్లి, ఎండ కోసం కాచుకుంటే ఆ కూలి పొయ్యిలో కట్టెలకు చాలదు. రంగులు నింపే పని ఎక్కువగా ఆడవాళ్లది. ఆ చీర పట్నం షోరూంలో ఎంతకు అమ్ముడైందో వాళ్లకు ఎవరూ చెప్పరు, చీర మీద వాళ్ల పేరుండదు. గుడి గోడ మీద పట్టాభిషేకం రాసిన ఊరి పిల్లలు జాకెట్టు వీపుల మీద బుద్ధుడి మొహాలు గీస్తూ బతుకుతున్నారు. గీయగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. గీయమని అడిగేవాళ్లే తగ్గారు.

కాబట్టి అడగండి. పెళ్లికో గృహప్రవేశానికో వెండి సామాను కొనే డబ్బుతో గోడకు ఒక పటం రాయించుకోండి. కాళహస్తీశ్వరుడి దర్శనానికి వెళ్లినవాళ్లు రాహుకేతు పూజ కాగానే కారెక్కకుండా చిత్రకారుల ఇళ్లకు వెళ్లండి. గుడ్డ తిరగేసి రంగు వెనక్కి దిగిందో లేదో చూడండి, కరక్కాయ వాసన వస్తుందేమో చూడండి, గీసిందెవరో పేరు అడిగి అంచున సంతకం పెట్టించుకోండి. బేరం మాత్రం ఆడకండి.