జ్ఞాకారమును గూర్చిన చాటువులు

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమునఁ దెలుగులిపియందలి యొక యక్షరము ప్రపంచవార్తల కెక్కెను. ఆపిల్ సంస్థవారి ఐఫోనునకు 'జ్ఞా' యను నక్షరముగల సందేశము వచ్చినచో దానిని జూపఁబోయిన యాప్ కూలిపోవుటయు, ఒక్కొక్కచో ఫోనే నిలువలేక మఱల మఱల మొదటినుండి ప్రారంభమగుటయు సంభవించెను. ఆ నెల 19వ తేదీన ఐఓఎస్ 11.2.6 అను సవరణ వెలువడఁగా నుపద్రవము శమించెను. నడుమనున్న కొలఁది దినములలోఁ బ్రోగ్రామర్లు దీనిమీఁదఁ బలికిన పరిహాసోక్తులు పెక్కులు. ఇట్టివి విమర్శకుఁ దగిన వాఙ్మయమా యని కొందఱు పండితులు శంకింపవచ్చును. తగినదే యని నా తలంపు.

కర్త తెలియకుండుట, సమయమునకుఁ బుట్టుట, ఒకరినుండి యొకరికి సంక్రమించుట, ఈ మూఁడును జాటువునకు లక్షణములు. చాటుపద్యమణిమంజరిని గూర్చిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తమ తుదిసంవత్సరములను మా తిరుపతియందు శ్రీవేంకటేశ్వర ప్రాచ్యపరిశోధనాలయమునఁ గడపి 1950లో నిచ్చటనే కీర్తిశేషులైరి. వారు సేకరింపకున్నచో నెన్ని చాటువులు నశించి యుండెడివో! ప్రోగ్రామర్ల మాటలును ఆ జాతివే. పద్యములు గాకపోవుట యొక్కటియే భేదము.

అందును నివి శాస్త్రచాటువులు. శాస్త్రము నెఱిఁగినవాఁడు శాస్త్రముమీఁదనే వేయు చమత్కారము వైయాకరణులకుఁ గ్రొత్తగాదు. పాణిని యాఱవ యధ్యాయము నాల్గవపాదమున 133వ సూత్రమందు శ్వన్, యువన్, మఘవన్ శబ్దముల నొక్కచోఁ జేర్చెను. కుక్కను, యౌవనవంతుని, దేవేంద్రుని నొకే త్రాటఁ గట్టెనుగదా యని పూర్వులు నవ్విరి. మనస్సు నపుంసకలింగ మని పాణినిమాట నమ్మి దానిని బ్రియురాలికడకు దూతగాఁ బంపినవాఁడు, అది యచ్చటనే రమించుచుండఁగా మోసపోతినని వగచిన చమత్కారమును విద్యార్థు లెల్ల రెఱుఁగుదురు. ఈ రెంటియందును హాస్యబీజ మొక్కటియే. సూత్రము రూపమును జూచునుగాని యర్థమును జూడదు. అంత్యమున 'అన్' కలదా లేదా యనునదే దాని చింత. ఇంద్రుఁడో కుక్కయో దానికిఁ బనిలేదు. యంత్రమునకు నియమములు వ్రాయు ప్రోగ్రామరు నిత్యమును ననుభవించు స్థితి సరిగా నిదియే. కావున వాని నవ్వును మన నవ్వును సోదరములు.

శాస్త్రశైలి ననుకరించి నవ్వించుటయు వారికడఁ గలదు. 1990 ఏప్రిల్ 1వ తేదీన ఇంటర్నెట్ నియమపత్రముల వరుసలో 1149వ సంఖ్యతో నొకటి వెలువడెను. పావురముల కాళ్లకుఁ జీటీలు గట్టి సమాచార మంపు విధానము నది గంభీరముగా నిరూపించును. 2001లో నార్వేదేశపు బెర్గెన్ నగరమునఁ గొందఱు దానిని నిజముగాఁ బ్రయోగించిరి. తొమ్మిది పంపఁగా నాలుగింటికే ప్రత్యుత్తరములు వచ్చినవి. పరిహాసమును లక్షణమునకుఁ దప్పక తుదిదాఁక నడిపిన యీ నిష్ఠ మెచ్చఁదగినది.

ఇఁక జ్ఞాకారమునకు వత్తము. దీనిమీఁది నవ్వులలో నొకజాతి లిపిమీఁదఁ బడినది. ఇంత చిక్కులిపి యేల, ఇంగ్లీషు అక్షరములే యున్నచో నీ బాధ యుండెడిదా యను ధోరణి యది. వార్తాపత్రికలును దీని నక్షర మనుటకు మాఱుగా 'చిహ్న' మనియు, తెలుగు పేరెత్తక 'భారతీయాక్షర' మనియు వ్రాసినవి. 2011 జనగణనము ప్రకారము ఎనిమిదికోట్లకుఁ బైఁబడిన జనులకు మాతృభాషయైన దాని నిట్లు పేరులేనిదానినిగాఁ జేయుట హాస్యమునకే హాని, ఏలయన నెవరిఁ జూచి నవ్వుచున్నారో నవ్వువారికే తెలియదు. తెలుగులిపికి యూనికోడునందు 1991 నుండియు స్థానము గలదు. ఇరువదియేడేండ్లు గడచినపిదప నొక యక్షరమును జూపలేక పడిపోయిన నియమావళిది దోషమా, అక్షరముదా? లక్ష్యము ననుసరించి లక్షణము పుట్టవలెఁగాని లక్షణమునకు లోఁబడి లక్ష్యము నడవదు. కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోయినట్లు శబ్దము కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోవఁడని మహాభాష్యకారుఁ డన్నది దీనినిగూర్చియే.

మఱికొందఱు ట్విట్టరునందుఁ దమ పేర్లలో నీ యక్షరమును జేర్చి, చూచినవారి యాప్‌లు కూలునట్లు చేసిరి. ఇది హాస్యముగాదు, చేష్ట.

ఉత్తమమైనవి వేఱుగాఁ గలవు. మావద్ద వ్యాకరణము చదివి నేఁడు బెంగుళూరున నీ వృత్తియందున్న యొకరు నాతో ననినమాట యిది: "కేవలప్రకృతిని బ్రయోగింపరాదని మీరు చెప్పియుంటిరిగదా! ప్రత్యయము లేని జ్ఞాధాతువును వదలిరి, యంత్రము పడినది." జ్ఞాధాతువు సకర్మకము, కర్మను జెప్పకున్న ఫోనే కర్మమైనదని యాయనయే వెంటనే చేర్చెను. వ్యాకరణ మెఱిఁగినవాఁడు నవ్వక యుండలేఁడు. అయినను దీనికిఁ బ్రథమస్థాన మీయఁజాలను. కారణము చెప్పెదను.

'ఒక్క యక్షరము' అని లోకమన్నది. మన లెక్కకు నది యొక యక్షరమే. వర్ణములు మాత్రము జకార ఞకార ఆకారములు మూఁడు. యంత్రమును బడగొట్టిన రూపమున నైదు సంకేతములు గలవు: జకారము, పొల్లు, ఞకారము, కంటికిఁ గనఁబడని యొక చిహ్నము, దీర్ఘము. ఆ నాల్గవది 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనునది. హల్లులు కలిసి సంయుక్తము గాకుండ నాఁపుట దాని పని. ఇచ్చట దానికిఁ బనియే లేదు; నిష్ప్రయోజనముగాఁ జొచ్చిన యాగమము. అది లేని సామాన్యమైన జ్ఞాకారము, అనఁగా మనము దినమును 'విజ్ఞానము', 'ఆజ్ఞాపించు' అని వ్రాయునది, ఏ ఫోనునకును గీడు చేయలేదు. అదర్శనమే లోపమని పాణిని. ప్రత్యయము లోపించినను దానివలని కార్యము నిలుచునని మఱియొకచోట నాతఁడే చెప్పెను. చూపునకు లేకయు కార్యము జరిపించు వస్తువును గూర్చి రెండువేలయేండ్లకుఁ బూర్వమే పరిభాష యేర్పఱచుకొన్న మనకు నీ చిత్ర మందఱికంటె రుచింపవలసినది. కనఁబడనిది చేసిన పనికిఁ గనఁబడునది నింద మోసినది. ఈ మర్మముమీఁద నడచిన హాస్యమే యీ ప్రకరణమున శ్రేష్ఠము.

అట్టిది యొకటి కలదు. ఒక ప్రోగ్రామరు కారణమును శోధించి వ్రాసిన వివరణమున విధి యిట్లు తేలినది: హల్లు, పొల్లు, హల్లు, అదృశ్యచిహ్నము, అచ్చుగుఱుతు వరుసగా వచ్చినప్పుడు పతనము; ఇది తెలుగున నెల్లహల్లులకును వర్తించును; దేవనాగరీ వంగలిపులయందుఁ గొన్నింటికే; తెలుగున ఐత్వము మాత్ర మపవాదము, దాని గుఱుతు రెండుఖండములుగా నుండుటచేత. ఉత్సర్గము, విషయనియమము, అపవాదము, అపవాదమునకు హేతువు, అన్నియుఁ గుదిరినవి! ఫోను చచ్చుటకు వృత్తిసహితమైన సూత్రము వ్రాసినట్లున్నది. నవ్వించుటకు వ్రాసినది కాకున్నను జదివి నేను నవ్వితిని.

ఔచిత్యమును గూర్చి యొకమాట. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ సంస్థవారి దోషయుక్తమైన సవరణవలన సుమారు ఎనుబదియైదులక్షల విండోస్ యంత్రములు స్తంభించెను. విమానములు నిలిచెను, ఆస్పత్రులు చిక్కునఁ బడెను. హైదరాబాదు విమానాశ్రయమునఁ బ్రయాణికునకుఁ జేతితో వ్రాసియిచ్చిన బోర్డింగు పాసు ప్రసిద్ధికెక్కెను. తాళపత్రప్రియులమైన మనకది ముచ్చట గొల్పవచ్చును. కాని యట్టి వేళ నవ్వు హక్కు, రాత్రియెల్ల మేల్కొని యొక్కొక్క యంత్రమునుఁ జేతులార బాగుచేసినవానిది. వాఁడు నవ్విన నది శ్రమకు విశ్రాంతి; గట్టున నున్నవాఁడు నవ్విన రసాభాసము.

ఈ చాటువు లెన్నాళ్లుండును? చాటువునకుఁ బ్రాణము దాని కథ. సందర్భము పోయిన పద్యము ఛందస్సుచేతనైన నిలుచును. వీనికా యాధారమును లేదు. పదేండ్లలో 11.2.6 అను సంఖ్యకే వ్యాఖ్య వ్రాయవలసి వచ్చును. కావునఁ దిరుపతి, చిత్తూరు ప్రాంతముల పాఠశాలాపండితులు, బెంగుళూరు, చెన్నపట్టణములం దీ వృత్తిలోనున్న తమ శిష్యులనడిగి యిట్టి మాటలను దేదీతోడను, పుట్టిన సందర్భముతోడను వ్రాసియుంచుట మేలు. వ్యక్తుల పేర్లు వలదు. ఏ దోషము, ఏ యంత్రము, ఎన్నాళ్లకు సవరింపఁబడినది యనునవి చాలును.

ఈ వ్యాసమునందలి జ్ఞాకారము లన్నియు నదృశ్యచిహ్నము లేకయే కూర్పఁబడినవి. పాతఫోనులు గలవారును నిశ్చింతగాఁ జదువవచ్చును.