బండి బతుకు ఛాసీలో ఉంది

భీమవరం, ఆకివీడు, కైకలూరు రోడ్ల మీద తెల్లవారుజామున నిలబడితే చేపల బళ్లు, రొయ్యల బళ్లు బారులు తీరి కనిపిస్తాయి. బొలెరో పికప్‌లు, అశోక్ లేలాండ్ దోస్త్‌లు, టాటా ఏస్‌లు. ప్లాస్టిక్ ట్రేలలో సరుకు, సరుకు మీద ఐసు. బండి కదిలినంతసేపూ వెనక నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. రోడ్డు మీద పడ్డ నీళ్లు ఎండకు ఆరిపోతాయి. బండి అడుగున పడ్డవి మాత్రం ఛాసీ సందుల్లో చేరి కూర్చుంటాయి. ఇంజను ఇంకా కొన్నేళ్లు నడిచే స్థితిలో ఉండగానే ఛాసీ చివికిపోయి, పాత ఇనుము కొట్టుకు చేరే బళ్లు కోస్తాలో చాలానే ఉన్నాయి.

ఇంజను పోతే బోరు చేయించుకోవచ్చు. గేరుబాక్సు పోతే మరొకటి తెచ్చి బిగించుకోవచ్చు. ఛాసీ పోతే బండే పోయినట్టు. ఇంజను, కమాన్లు, క్యాబిన్, వెనక బాడీ అన్నీ దాని మీదే నిలబడతాయి. ఆర్‌సీలో రాసే ఛాసీ నంబరు కూడా ఆ ఇనుము మీదే కొట్టి ఉంటుంది. అందుకే పికప్‌ను పోషించడమంటే ముందుగా ఛాసీని పోషించడమే. మన ఆటోనగర్లలో బాడీ బిల్డింగ్, టింకరింగ్, కమాన్ పట్టీల షెడ్లలో పనిచేసే మేస్త్రీలు ఈ విద్యను చేతి నుంచి చేతికి అందించుకుంటూ వచ్చారు. దానికి రెండే సూత్రాలు: నీరు నిలవనివ్వకూడదు, ఛాసీని కోయకూడదు. మిగతా పనితనమంతా ఈ రెండింటి నుంచి పుట్టిందే.

తుప్పు పుట్టేచోటు

ఇనుముకు తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పు చేరితే ఆ పని వేగం పుంజుకుంటుంది. ఉప్పునీటిలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది. తుప్పు పట్టడం అనేది నిజానికి విద్యుత్ రసాయన చర్యే కాబట్టి ఉప్పు దానికి దారి సుగమం చేస్తుంది. పైగా ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. బండిని రెండు రోజులు ఎండలో ఆపి, ఆరిపోయిందిలే అనుకున్నా, ఉప్పు పట్టిన బురద కింద ఇనుము ఇంకా తడిగానే ఉంటుంది. కోస్తా గాలికి ఎండ ఒక్కటే మందు కాదని అనుభవమున్న డ్రైవర్లు చెప్పేది ఇందుకే.

తుప్పు అన్నిచోట్లా ఒకేలా మొదలవదు. కమాన్ కట్టల బ్రాకెట్ల దగ్గర, అడ్డబద్దలు ఛాసీతో కలిసే మూలల్లో, వెనక ఇరుసు పైన, బాడీకీ ఛాసీకీ మధ్య పెట్టే చెక్క కింద, వెల్డింగు అతుకుల దగ్గర అది ముందు చేరుతుంది. ఈ చోట్లన్నిటికీ ఒకటే పోలిక. బురద చేరుతుంది, చెయ్యి దూరదు. రెండు రేకుల మధ్య పుట్టే తుప్పు మరీ ప్రమాదకరం. పోయిన ఇనుము కన్నా తుప్పు కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపల ఉబ్బుతూ ఉబ్బుతూ రేకులను విడదీసి, రివెట్లను లాగేస్తుంది.

ఛాసీ వెంబడి పోయే బ్రేకు పైపులనూ దీనితో కలిపే చూడాలి. అవి సన్నటివి. ఛాసీకి పట్టిన తుప్పు వాటికీ పడుతుంది. ఛాసీ చివకడానికి ఏళ్లు పడుతుంది, బ్రేకు పైపు మాత్రం నిండు లోడుతో ఉన్న బండి బ్రేకు తొక్కిన క్షణంలో తెగవచ్చు.

సుత్తితో పరీక్ష

మంచి మేస్త్రి బండి కిందకు దూరగానే రంగు చూసి తీర్పు చెప్పడు. చిన్న సుత్తి తీసుకుని ఛాసీ రైలు (బండి కింద నిలువునా సాగే ఇనుప దూలం) పొడవునా, జానెడు జానెడు దూరంలో తడుతూ పోతాడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది. చివికిన చోట శబ్దం మొద్దుబారుతుంది. మొద్దుబారిన చోట మరోసారి, కాస్త గట్టిగా కొడతాడు. పెచ్చు ఊడి పడితే, పెచ్చు మందం చూస్తాడు. కాగితంలా పలచగా రాలితే అది పైతుప్పు, గోకి రంగు వేస్తే సరి. పొరలు పొరలుగా, బిళ్లలుగా ఊడితే లోపల ఇనుము తగ్గిపోయిందన్నమాట. అప్పుడు స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూస్తాడు. మొన దిగితే ఆ చోట రంగు వేసి లాభం లేదు, ప్లేటు పడాల్సిందే.

పాత పికప్ కొనేవాళ్లు ఈ పరీక్ష చేయించుకోకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. కొత్తగా నల్లరంగు మెరుస్తున్న ఛాసీని మరింత జాగ్రత్తగా తట్టించాలి.

గోకడం, కడగడం, పూయడం

రోజువారీ పని చాలా మామూలుది: లోడు దించగానే మంచినీళ్లతో అడుగు కడగడం. పైనుంచి బాడీ మీద బకెట్లు గుమ్మరిస్తే చాలదు. పైపు కిందకు పెట్టి, ఛాసీ రైలు లోపలికి, కమాన్ పట్టీల సందుల్లోకి నీళ్లు కొట్టాలి. చెరువు గట్టున అందుబాటులో ఉంది కదా అని ఉప్పదనమున్న చెరువు నీటితోనే కడిగేవాళ్లున్నారు. దానివల్ల మేలు లేకపోగా కీడే జరుగుతుంది. ఛాసీకి కంపెనీ వదిలిన నీటి రంధ్రాలు బురదతో పూడుకుపోతాయి. వాటిని పుల్లతో పొడిచి తెరిచి ఉంచాలి. సర్వీసు స్టేషన్‌లో ప్రెషర్ వాటర్ కొట్టించాక గ్రీజు నిపిళ్లకు కొత్త గ్రీజు ఎక్కించాలి. లేకపోతే జాయింట్లలో దూరిన నీళ్లు అక్కడే ఉండిపోతాయి.

ఏటా ఒకసారి చేయాల్సిన పెద్ద పనికి వానలకు ముందు వచ్చే ఎండాకాలమే అదను. బండిని శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. స్క్రాపరు, వైరు బ్రష్షు, గ్రైండరుతో వదులు తుప్పంతా గోకేయాలి. మెరుపు కనిపించేదాకా గోకడానికి చెయ్యి దూరని చోట ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూస్తారు. అది మిగిలిన తుప్పును గట్టి ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది. ఆ తర్వాత రెడాక్సైడ్ గానీ, జింకు ఎక్కువున్న ప్రైమర్ గానీ వేయాలి. జింకు ప్రైమరుకు శుభ్రంగా గోకిన ఇనుము కావాలి. ఇనుముకు బదులు జింకు తాను కరుగుతుంది కాబట్టి, పైన చిన్న గీత పడినా ఇనుముకు రక్షణ ఉంటుంది. దాని మీద రెండు పూతలు ఛాసీ బ్లాక్. మిట్టమధ్యాహ్నం కాలే ఇనుము మీద రంగు వేస్తే పొక్కులొస్తాయి. పొద్దున నీడలో వేయాలి.

చాలాచోట్ల ఇంజను నుంచి తీసిన పాత ఆయిల్‌ను ఛాసీకి పూయడం అలవాటు. నూనె నీటిని దగ్గరకు రానివ్వదన్న మాట నిజమే. కానీ పాత ఆయిల్‌లో ఆమ్లాలు, లోహపు మురికి ఉంటాయి. రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి, బ్రేకుల మీద పడితే ప్రమాదం, వానకు కారి కాలవలో కలుస్తుంది. మైనం కలిసిన కోటింగో, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ కోటింగో దానికన్నా మేలు. సన్నటి గొట్టంతో పెట్టె ఆకారపు రైలు లోపలికి కూడా వీటిని కొట్టించవచ్చు. తారులాంటి మందపాటి అండర్ కోటింగ్‌ను తుప్పు మీద నేరుగా వేయించడం మాత్రం తప్పు. తేమ లోపలే చిక్కుకుని, పైకి కనిపించకుండా ఇనుమును తినేస్తుంది.

మార్పులు చేసేటప్పుడు

బండిని అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం మన మేస్త్రీల ప్రతిభ బయటపడే చోటు. చేపల బండికి వాళ్లు చేసే మేలైన మార్పు ఒకటుంది. బాడీ ఫ్లోరుకు వెనక్కి వాలు ఇచ్చి, అంచున కాలువ కట్టి, ఐసు నీళ్లు ఛాసీ మీద పడకుండా గొట్టంతో ఒక క్యానులోకి దించుతారు. ఖర్చు కొంచెమే, ఛాసీ ఆయుష్షు మాత్రం ఏళ్ల కొద్దీ పెరుగుతుంది, రోడ్లు కూడా శుభ్రంగా ఉంటాయి. ఇనుప ఫ్రేము మీద అల్యూమినియం షీటు వేసేటప్పుడు మధ్యలో రబ్బరు పరుస్తారు. రెండు లోహాలు ఉప్పునీటిలో తగిలితే అల్యూమినియం ముందు చివికిపోతుంది.

ఛాసీకి రంధ్రం వేయాల్సి వచ్చినప్పుడు పనివాడి స్థాయి తెలుస్తుంది. తాటి దూలం మీద బరువు పెడితే పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది, నడిమి భాగానికి ఒత్తిడి తక్కువ. ఛాసీ రైలూ అంతే. అందుకే పై అంచుకూ కింది అంచుకూ రంధ్రం వేయరు, వెల్డింగు పెట్టరు. తప్పనిసరైతే నిలువు గోడ మధ్యభాగంలో వేస్తారు. బాడీని యూబోల్టులతో బిగిస్తారు. పగులు కనిపిస్తే నేరుగా వెల్డింగు కొట్టరు. ముందు పగులు చివర చిన్న రంధ్రం వేసి, అది ముందుకు పాకకుండా ఆపుతారు. అతుకు ప్లేటు చివరలను నిలువుగా కోయకుండా ఏటవాలుగా కోస్తారు. నిలువు కోతైతే ఒత్తిడంతా ఒకే గీత మీద పడి, ప్లేటు పక్కనే మళ్లీ విరుగుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు తీయడం ఇప్పటి ఎలక్ట్రానిక్ బళ్లకు తప్పనిసరి.

అన్నిటికన్నా ఎక్కువగా అడిగే మార్పు కమాన్ కట్టకు అదనపు పట్టీలు వేయమనడం. పట్టీ వేస్తే బండి కుంగదు, నిజమే. కానీ కమాను మింగాల్సిన కుదుపు ఛాసీకి ఎక్కుతుంది. ఇరుసు, బ్రేకులు, టైర్లు పాతవే ఉంటాయి. ఇక్కడ మేస్త్రి వద్దని చెప్పగలగాలి. చట్టమూ అదే చెబుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అదనపు పట్టీ అడిగేది ఎక్కువ లోడు కోసమే. 2019 సవరణతో ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ మరో 2,000 అయింది.

ఈ విద్య విలువ

ఛాసీ తుప్పు మన కోస్తా సమస్యే కాదు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా రాష్ట్రాల్లో పికప్‌లకు ఇదే శత్రువు. టయోటా టకోమా వంటి పికప్‌ల ఛాసీలకు తుప్పు రక్షణ చాలలేదన్న దావాలో ఆ సంస్థ 2016లో 340 కోట్ల డాలర్ల వరకు విలువ కట్టిన రాజీకి వచ్చింది. తనిఖీలో ఛాసీని తుప్పు బాగా తిన్నదని తేలితే మార్చి ఇవ్వడం ఆ ఒప్పందంలో భాగం. ఇక్కడ వాయిదాల మీద బండి కొన్న డ్రైవరుకు అలాంటి రక్షణ లేదు. వాయిదాలు తీరాక నడిచే ఏళ్లే అతని అసలు సంపాదన. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు. ఆ ఏళ్లను కాపాడేది ఛాసీ పని తెలిసిన చెయ్యి.

ఇంత విలువైన పని ఇప్పటికీ ఎక్కువగా షెడ్లలో చూసి నేర్చుకునేదిగానే మిగిలింది. ఐటీఐలలో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలకు ఛాసీ తనిఖీ, తుప్పు నివారణ చేతితో చేయించి నేర్పాలి. ఆ పాఠం చెప్పడానికి అనుభవమున్న మేస్త్రీలను పిలిచి, తగిన గౌరవవేతనం ఇవ్వాలి. బండి యజమానులు ఇంజను ఆయిల్‌కు రాసిపెట్టుకున్నట్టే ఛాసీ పనికీ ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టాలి. అదనపు పట్టీ వేయనని చెప్పే మేస్త్రిని వదిలి, వేస్తాననే షెడ్డుకు పోకూడదు. వద్దని చెప్పిన ఆ మేస్త్రే బండినీ, అందులో కూర్చునే మనుషులనూ కాపాడుతున్నాడు.