గరుసు నేల మీద పాస్

ఆరుద్ర కార్తె పోయి వారమైంది. మబ్బు పట్టడమే గానీ మా వైపు చినుకు రాలలేదు. విత్తనకాయ ఇంట్లో మూటల్లోనే ఉంది. ఆ సాయంత్రం పనేమీ లేక ఊరి బయటి హైస్కూలు గోడ మీద కూర్చుని పిల్లల ఫుట్‌బాల్ చూస్తున్నాను. మైదానమంటే ఎర్రటి గరుసు నేల. గడ్డి పోచ ఉండదు. బంతి పడ్డదంటే రాతి మీద పడ్డట్టు లేస్తుంది.

డ్రిల్ సారు పాత ఎర్ర తువ్వాలును పేలికలుగా చించి, ఒక్కో పిల్లవాడి కాలికి ఒక్కోటి కట్టించాడు. కుడికాలి వాటం వాడికి కుడికాలికి, ఎడమకాలి వాటం వాడికి ఎడమకాలికి.

"ఒరేయ్, గుడ్డ కట్టిన కాల్తో తంతే ఫౌల్. బంతి ఎదుటోళ్లకి."

"గోల్ ముందర కూడానా సార్?"

"యాడైనా అంతే."

మొదటి పది నిమిషాలు చూడటానికి కష్టంగా ఉంది. చక్కగా ఆడే పిల్లలు కూడా రాని కాలితో తన్నబోయి తూలి పడుతున్నారు. బంతి ఒక చోటికి పోవాల్సింది ఇంకో చోటికి పోతోంది. తర్వాత మెల్లగా ఏదో మారింది. తన్నే బలం లేని కాలు కదా, ఎవడూ దూరం తన్నడం లేదు. దగ్గరున్న వాడికి తోసేస్తున్నారు. తోయడానికి దగ్గర ఒకడు ఉండాలి కాబట్టి మిగతావాళ్లు పరిగెత్తుకుంటూ దగ్గరికి వస్తున్నారు. అరగంట గడిచేసరికి బంతి నేల మీద జారుతూ, ముగ్గురు నలుగురి మధ్య నూలుపోగులా తిరుగుతోంది.

ఈ ఆట ఎవరు నేర్పారని సారును అడిగాను. "మేం చదువుకునేటప్పుడు మా సార్ చెప్పినాడు. ఆయనకు హైదరాబాదులో ఎవరో చెప్పినారంట. రహీమ్ సాబ్ అని పెద్ద కోచ్ ఉండేవాడంట, ఆయన పెట్టిన పద్ధతి."

అక్కడి నుంచి ఇక్కడికి ఇన్నేళ్లు నడిచి వచ్చిన ఆ పద్ధతి వెనక ఒక జట్టు ఉంది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. అంతకు ముందు సిటీ అఫ్ఘాన్స్ అనేవాళ్లు. మన తెలుగు నేల మీద అంత పెద్ద ఫుట్‌బాల్ జట్టు ఇంకొకటి పుట్టలేదు. దాని కప్పుల లెక్క పుస్తకాల్లో దొరుకుతుంది. దాని పనితనం గురించి రాసినవాళ్లు తక్కువ.

లెక్క ముందు చెప్పేస్తాను. 1950లో బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అదే ఏడాది ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా ఎత్తుకొచ్చింది. రోవర్స్ కప్‌ను 1954 దాకా వరసగా 5 ఏళ్లు ఎవరికీ వదల్లేదు. 1954లోనూ 1957లోనూ రోవర్స్, డ్యూరాండ్ రెండూ దానివే. రాష్ట్రం ఏర్పడ్డాక కొన్నాళ్లకు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతో 1961లో డ్యూరాండ్, 1963లో మళ్లీ రోవర్స్. కలకత్తాలో ఒక్కో క్లబ్బు వెనక లక్షల మంది అభిమానులున్న కాలమది. ఆ క్లబ్బుల్ని ఓడించినవాళ్లు పొద్దున పరేడు చేసే పోలీసులు.

వాళ్లను అలా తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, ఆ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు, బడిపంతులుగా పనిచేశారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి. 1950 నుంచి సిటీ పోలీస్‌కు శిక్షకుడు. వీటిలో నా కంటికి అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది పంతులు ఉద్యోగం. ఆయన పని తీరంతా బడిలో పుట్టినట్టే ఉంటుంది. పిల్లవాడికి "జాగ్రత్తగా ఆడు" అని వందసార్లు చెప్పినా వినడు. జాగ్రత్తగా ఆడితే తప్ప గెలవలేని ఆట ఒకటి పెడితే, చెప్పకుండానే వింటాడు. రహీమ్ చేసింది అదే. ఉపన్యాసం బదులు నియమం పెట్టారు.

హైదరాబాదులో ఆయన నడిపిన పోటీలు చూడండి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందుకున్నవాడు దాన్ని కాళ్ల మధ్య ఆడిస్తూ ఎదుటివాణ్ని తప్పించి పోవడానికి వీల్లేదు. ఇంకోదాంట్లో రాని కాలితోనే ఆడాలి. మరోదాంట్లో ఎత్తుకు హద్దు. పొట్టివాళ్లు పొట్టివాళ్లతోనే ఆడతారు.

మొదటి నియమం దగ్గర కాసేపు ఆగాలి. డ్రిబ్లింగ్ లేదంటే బంతి వచ్చాక ఆలోచించుకునే తీరిక లేదని అర్థం. ఎవరికి ఇవ్వాలో బంతి రాకముందే తేల్చుకోవాలి. అంటే తల ముందే ఎత్తాలి, చుట్టూ చూడాలి. ఇచ్చినవాడు అక్కడే నిలబడితే మళ్లీ బంతి అందదు కాబట్టి ఇవ్వగానే కదలాలి. బంతి లేని తొమ్మిదిమందీ ఖాళీ జాగా వెతుక్కోవాలి. "తల పైకెత్తి ఆడండి, ఖాళీలోకి పరిగెత్తండి, ఒకరికోసం ఒకరు ఆడండి" అని ప్రతి కోచూ అరిచే మూడు మాటలూ ఆ ఒక్క నియమంలో ఇమిడిపోయాయి. అరవాల్సిన పని లేకుండా పోయింది.

రెండోది ఇంకా సూక్ష్మం. ఒక్క కాలే వచ్చినవాడికి బంతి రెండో వైపు వస్తే ఏం చేస్తాడు? ఒళ్లంతా తిప్పి, మంచి కాలిని ముందుకు తెచ్చుకుని, అప్పుడు తంతాడు. అందుకు పట్టేది ఒక్క క్షణమే. కానీ ఎదుటి హాఫ్ బ్యాక్ వచ్చి మీద పడటానికి ఆ క్షణం చాలు. రెండు కాళ్లూ వచ్చినవాడు ఒళ్లు తిప్పడు. వచ్చిన బంతిని వచ్చినట్టే పంపుతాడు. చూసేవాళ్లకు ఆ జట్టు చాలా వేగంగా పరిగెడుతున్నట్టు అనిపించి ఉంటుంది. నిజానికి వేగం కాళ్లలో లేదు, ఆ మిగిలిన క్షణంలో ఉంది.

దక్కను నేల కూడా ఇందులో భాగమనే నా నమ్మకం. వాన తక్కువ, ఎండ ఎక్కువ, నేల గట్టి. బురదలో బంతి ఆగుతుంది, గట్టి నేల మీద ఆగదు. కాలికి తగిలీ తగలగానే ఎగిరిపోతుంది. దాన్ని మొదటి తాకుడులోనే చల్లార్చడం రాకపోతే ఆటే లేదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా సరిగా పడదు. ఇక్కడ సేద్యం చేసేవాడికి ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు. ఉన్న ఒక్క పదునులోనే విత్తాలి. రెండో పదును వస్తుందని కూర్చుంటే ఆ ఏడు బీడే. రహీమ్ ఆటలో రెండో తాకుడు లేదని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మా నాయన గొర్రు కట్టే తొందర.

లేనిదాన్ని ఒప్పుకుని దాని చుట్టూ ఆటను అల్లినవాళ్లు వేరే దేశాల్లోనూ ఉన్నారు. 1930లలో స్విట్జర్లాండ్‌లో కార్ల్ రప్పన్ అనే ఆస్ట్రియా వాడు జెనీవాలోని సర్వెట్ క్లబ్బుకు, తర్వాత జ్యూరిక్‌లోని గ్రాస్‌హాపర్ క్లబ్బుకు శిక్షకుడు. పగలంతా ఇతర ఉద్యోగాలు చేసుకునే ఆటగాళ్లు, ఒంట్లో బలానికి పెద్ద దేశాల జట్లతో సరితూగరు. అందుకని రప్పన్ ఒకణ్ని అందరికన్నా వెనక్కి లాగి నిలబెట్టాడు. ఫ్రెంచిలో దాన్ని వెరూ అన్నారు, అంటే గడియ. 1938 ప్రపంచ కప్‌లో ఆ గడియ వేసుకునే స్విస్ జట్టు జర్మనీని 4-2తో ఇంటికి పంపింది. రప్పన్ తలుపు మూసే పద్ధతి కనిపెట్టాడు. రహీమ్ దగ్గరా ఉన్నది ఉద్యోగాలు చేసుకునే మనుషులే. కానీ ఆయన తలుపు మూయలేదు. బంతిని ఎదుటివాళ్ల కన్నా వేగంగా తిప్పడం నేర్పారు. ఇద్దరిలో నాకు రహీమ్ దారే ఎక్కువ ధైర్యమైనదిగా తోస్తుంది.

రహీమ్ పనితనం ఎంత గట్టిదో తేలింది ఆయన శిక్షణ ఇచ్చిన దేశం జట్టులో. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. ఆ ఓటమిని దాచుకోవాల్సిన పని లేదు. చలిలో, మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. గట్టి నేల మీద వేళ్లతో బంతిని పట్టుకునే అలవాటు తడి గడ్డి మీద పనికిరాలేదు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మా అనంతపురమూ హైదరాబాదూ ఒకే రాష్ట్రంలోకి వచ్చి సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబర్ 1న, రహీమ్ జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు ఎందరో. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనది. ఆ ఏడు చివరకు దక్కింది నాలుగో స్థానం. అంత ఎత్తుకు మళ్లీ పోలేదు.

ఆ జట్టులోనే తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రాడు. రహీమ్ అతని ఆట చూసి శిక్షణకు రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి డబ్బు లేదన్నాడు కుర్రాడు. సైకిలు బాడుగకు రహీమ్ సాబ్ తన జేబులోంచి ఇచ్చారని బలరామ్ పెద్దయ్యాక చెప్పుకునేవాడు. ఆ బాడుగ సైకిలు మీద వచ్చినవాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు, 1962లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2023లో పోయినప్పుడు మన పత్రికల్లో వచ్చిన నాలుగు వాక్యాలు చూసి నాకు బాధేసింది.

1962 జకార్తా ఆసియా క్రీడల కథ ఇప్పుడు అందరికీ తెలుసు. 2024లో దాని మీద 'మైదాన్' సినిమా వచ్చింది. స్టేడియమంతా మనకు ఎదురు తిరిగి కేకలు వేస్తుంటే సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. జర్నైల్ అసలు వెనక కాపలా ఉండే స్టాపర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీమ్ అతన్ని ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఆ మార్పు గురించి చెప్పేటప్పుడు అందరూ సాహసం అంటారు. నాకది బడిపంతులు చేసే పనిగానే కనిపిస్తుంది. పిల్లవాడికి ఏది లేదో కాకుండా ఏది మిగిలిందో చూసి, దానికి తగ్గ చోట కూర్చోబెట్టడం. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ముదిరింది. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆయన పోయాక జట్టు ఒక్కసారిగా కూలిపోలేదు, కానీ మెల్లగా సన్నబడింది. అంతకు ముందు నుంచే మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు వెళ్తున్నారు. వెళ్లినవాళ్ల చోట కొత్తవాళ్లను తయారుచేసే చెయ్యి లేకుండా పోయింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచింది, సంతోషమే. కానీ అది వేరే చెట్టు.

మా జిల్లాలో ఫుట్‌బాల్‌కు నీడ ఉంది. 1969లో వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నిలబెట్టిన ఆర్డీటీ సంస్థ ఇక్కడ స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. పల్లెల ఆడపిల్లలు బూట్లు వేసుకుని అక్కడ బంతి తంతుంటే చూశాను. అక్కడి పచ్చగడ్డి మీద ఆట వేరు, ఈ గరుసు నేల మీద ఆట వేరు. రెండు చోట్లా రహీమ్ పద్ధతి ఏదో ఒకటి ఉండాలనే నా కోరిక.

ఆ సాయంత్రం పొద్దు గుంకే వేళకు డ్రిల్ సారు విజిల్ ఊదాడు. పిల్లలు చెమట, దుమ్ము కలిసి ఎర్రగా ఉన్నారు. చివరి గోల్ కొట్టింది ఒక బక్క పిల్లవాడు. గోల్ ముందు బంతి కుడివైపు వచ్చింది, వాడి కుడికాలికే గుడ్డ. ఆగి ఆలోచించలేదు. ఎడమపాదం లోపలి అంచుతో మెల్లగా, ఏదో తలుపు కింద చీటీ తోసినట్టు తోశాడు. గోల్‌కీపరు అటు దూకేలోపే బంతి రెండు రాళ్ల మధ్య నుంచి పోయింది.

"సార్, కుడికాల్తో అయితే గట్టిగా పోయేది సార్," అన్నాడు వాడు సారు దగ్గరికొచ్చి.

"గట్టిగా పోయుంటే గోల్‌కీపరుకు తగిలేదిరా."

సారు పేలికలన్నీ విప్పించి, లెక్కబెట్టి, మడిచి సంచిలో పెట్టుకున్నాడు. పద్నాలుగు ఇస్తే పదమూడే వచ్చాయి. ఆ బక్కోడు గుడ్డ విప్పకుండానే, ఎడమకాలితో రాయిని తన్నుకుంటూ ఊరి దారి పట్టి కనిపించాడు. సారు పిలవబోయి, ఊరుకున్నాడు.