మిగతా వెండితెరపై

సినిమా పాటల పుస్తకం మొదట్లో కథాసంగ్రహం ఉండేది. హీరో చిక్కుల్లో పడగానే అది ఠక్కున ఆగి, మిగతా వెండితెరపై చూడండి అనేది. ఆ మిగతాతో నాకు పనిలేదు. పేజీ తిప్పేసేవాణ్ణి.

అనకాపల్లిలో కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతరలో ఆ పుస్తకాల్ని గోనెపట్టా మీద పరిచి అమ్మేవారు. అలా కొన్న ‘సిరివెన్నెల’ (1986) పుస్తకం ఇంకా నా దగ్గరుంది. బెల్లం తిన్న చేత్తో పట్టుకున్నాను కదా, ఒక మూల అంటుకుపోయింది. ఆ మూలని చీమలు కూడా కొంత చదివాయి.

ప్రతి పాట నెత్తిన ‘రచన: సీతారామశాస్త్రి’. మా ఊళ్లో చదువుకున్నాయన, టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేసినాయన. ఆ సినిమా పేరే ఆయనకి ఇంటిపేరైపోయింది. ఇప్పుడు ఫోన్లో పాట వింటుంటే చాలాసార్లు రాసినవాడి పేరే కనపడదు.

పేజీ మరీ ఇరుకు. శాస్త్రిగారి పొడుగాటి సమాసాలు అందులో పట్టవు. చోటు చాలనిచోటల్లా అచ్చుకూర్చినవాడు మాటని విరగ్గొట్టేశాడు, అడ్డగీతైనా పెట్టకుండా. కింది వరుసలోంచి ముక్క తెచ్చి పై ముక్కకి అతికించుకోవాలి. ఆ అతుకు దగ్గరే అర్థం తళుక్కుమనేది. మహదేవన్ బాణీలో బాలసుబ్రహ్మణ్యం, సుశీల పాడుతుంటే గొంతు తీపికి మాట కరిగిపోతుంది. తప్పు వాళ్లది కాదు. కాగితం మీద గొంతు లేదు, తాళం లేదు. మాట ఒక్కతే నిలబడి ఉంటుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మనమే వెతుక్కోవాలి. అరుగు మీద పెదాలు కదుపుతూ కూచుంటే అక్క, “ఒరే, చదువుతున్నావా, పాడుతున్నావా?” అనేది. ఏం చెప్పాలో తెలిసేది కాదు.

క్యాసెట్ తర్వాతెప్పుడో కొన్నాం. అందులో హరిప్రసాద్ చౌరాసియా వేణువుకి ముందు టేపు సన్నగా బుసకొట్టేది. సినిమాలో వేణువు వాయించేవాడు అంధుడు. ఆ బుస, వెదురు కోసం తడుముకుంటున్న అతని ఊపిరిలా ఉండేది. విని విని టేపు సాగి, వేణువు ఒకచోట వణకడం మొదలెట్టింది. ఫోన్లో ఇప్పుడు కడిగిన ముత్యంలా వస్తుంది. బాగుంటుంది, అబద్ధమాడను. అయినా ఆ చోటు రాగానే చెవి రిక్కించుకుంటాను.

పుస్తకంలో ఒక పాటకి ఒత్తు ఒకటి పడలేదు. క్యాసెట్ విన్నాక తెలిసింది. అప్పటికే నోరు తిరిగిపోయింది. ఇప్పటికీ ఒత్తు లేకుండానే పాడుకుంటాను.