దయ్యము, చేతబడి : శబ్దార్థవిమర్శ

భూతప్రేతపిశాచాదులు కలవా లేవా యను వివాదము నేటిది కాదు. యాస్కమహర్షి నిరుక్తమున వృత్రుడెవ్వడని ప్రశ్నించుకొని, మేఘమని నైరుక్తులును, త్వష్టృకుమారుడైన యసురుడని ఐతిహాసికులును చెప్పుదురని రెండు పక్షములను వ్రాసియున్నాడు. పూర్వమీమాంసకులు దేవతలకు శరీరము గాని భోజనము గాని లేదనియు, యాగమున శబ్దమే ప్రధానమనియు వాదించిరి. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున దేవతలు శరీరవంతులేయని యా వాదమును త్రోసిపుచ్చిరి. ఈ యుభయులును వేదమును ప్రమాణముగా గొన్నవారే. కావున, అదృశ్యశక్తులను గూర్చి సందేహించువాడెల్ల నాస్తికుడనియు, నమ్మువాడెల్ల మూఢుడనియు నేడు వాడుకలోనున్న విభాగము మన శాస్త్రచరిత్రకు పొసగదు.

దయ్యము కలదని గాని లేదని గాని నిర్ణయించుట యీ వ్యాసమున నుద్దిష్టము కాదు. 2016 లో పెక్కు జిల్లాలుగా విభక్తములైన పూర్వపు కరీంనగర, ఆదిలాబాదు జిల్లాలలో జనులు ఈ విషయమున వాడు మాటలను పరిశీలించి, వానిలో నేది ప్రాణహరమో నిరూపించుటయే నా ప్రయత్నము. మాటల విచారమునకు ప్రాణములతో నేమి సంబంధమని యడుగువారికి వ్యాసమే సమాధానము చెప్పగలదు.

మొదట దయ్యమను పదమును గ్రహింతము. ఇది సంస్కృత దైవశబ్దమునకు తద్భవము. దైవము ‘దయ్వ’మై, వకారము ముందున్న యకారముతో సమానరూపమును బొందుటచే దయ్యమైనది. ప్రాచీనకావ్యములందు ఈ పదము దేవతయనియు, విధియనియు నర్థముల నిచ్చుచుండెను. పిశాచార్థము తరువాత బలపడి, నేటి వ్యవహారమున నదియొక్కటియే మిగిలినది. ఇట్టి పతనము తెలుగునకు మాత్రమే కలిగినది కాదు. మనకు పూజ్యమైన దేవశబ్దము పారసీకుల అవెస్తాలో ‘దఏవ’ యై దుష్టశక్తికి పేరైనది. గ్రీకుల ‘దైమోన్’ మొదట దేవతావాచకమై, క్రైస్తవమతవ్యాప్తితో నిందార్థమును బొంది, ఆంగ్లమున ‘డీమన్’ అయినది. అమరసింహుడు పిశాచమును, భూతమును విద్యాధరగంధర్వాదులతో జేర్చి దేవయోనులలోనే పఠించెను. దేవునకును దయ్యమునకును నడుమనున్న గోడ మన మనుకొన్నంత ప్రాచీనమైనది కాదన్నమాట.

ఆదిలాబాదు కొండలలో నిందుకు మరియొక యుదాహరణము దొరకును. గోండీభాషలో ‘పేన్’ అనగా దేవుడు. రాజగోండులు తమ గోత్రదేవతను పెర్సాపేన్ అందురు, పెద్దదేవుడని యర్థము. ఏటేట పుష్యమాసపు అమావాస్యనాడు ఇంద్రవెల్లి మండలమందలి కేస్లాపురమున మెస్రం వంశీయులు గోదావరినుండి కాలినడకను దెచ్చిన జలముతో నాగోబాను అభిషేకించి, క్రొత్తకోడండ్రను దేవుని సన్నిధికి భేటికై తెత్తురు. తమిళమున ‘పేయ్’ అనగా దయ్యము. పిచ్చియనియు నర్థము కలదు. బరో, ఎమెనో పండితులు తమ ద్రావిడ వ్యుత్పత్తినిఘంటువున ఈ రెండు పదములను ఏకమూలములుగా జూపిరి. ఒక్క మూలమునుండియే గోండునకు దేవుడును, తమిళునకు దయ్యమును లభించినవి. అట్లని తమిళులు ఆ పదమును కేవలనిందగా విడువలేదు. భగవద్భక్తిచే నున్మత్తుడైన పేయాళ్వారునకు ఆ శబ్దమే పూజ్యనామమైనది.

భూతము, ప్రేతము అను రెండును క్తప్రత్యయాంతములు. భూతమనగా అయినది, ప్రేతమనగా వెడలిపోయినది. భూతకాలమని మనము పాఠశాలలో బాలురకు నేర్పుట యీ మాటతోడనే. స్వతస్సిద్ధముగా వీనిలో భయమేమియు లేదు. ప్రాణహితా గోదావరీ సంగమమైన కాళేశ్వరమున నొకే పానవట్టముపై యమప్రతిష్ఠితమని చెప్పబడు కాళేశ్వరలింగమును, ముక్తీశ్వరలింగమును గలవు. పితృకర్మకై జనులు అచటికి వచ్చుచుందురు. సపిండీకరణముచే ప్రేతము పితృదేవత యగునని శాస్త్రము. గోండులును మృతుని పెర్సాపేనుతోడను, పూర్వులతోడను గలుపు కర్మలు చేయుదురని వారి నడుమ మెలగి 1948 లో గ్రంథము ప్రకటించిన హైమెన్‌డార్ఫు వర్ణించెను. నదీతీరమునను, అరణ్యమునను జరుగు నీ కర్మల తాత్పర్యమొక్కటియే: పోయినవారిని గూర్చిన భయమును ఉన్నవారి కర్తవ్యముగా మార్చుట.

ఇక క్రియాపదములను చూతము. అసలు విషయమిచటనే కలదు. జనులు అమ్మవారు ‘పూనినది’ అందురు. దయ్యము ‘పట్టినది’ అందురు. చేతబడి ‘చేసిరి’ అందురు. పూను, పట్టు, చేయు అను నీ మూటి భేదము వినుటకు స్వల్పము, ఫలమున మిక్కిలి గొప్పది. కారకములలో స్వతంత్రమైనదానిని కర్తయని పాణిని నిర్వచించెను. ఈ మూడు వాక్యములందు కర్త యెవ్వరో విచారింతము.

పూనుటకు కర్త దేవత. శిగమూగు శివసత్తియు, బోనమెత్తిన స్త్రీయు ఆమెకు ఆశ్రయమాత్రులు. ఆ వాక్యమున దోషి లేడు. పట్టుటకు కర్త దయ్యము, రోగి కర్మ. ఇచట దోషి యున్నను అది కంటికిని చేతికిని అందనిది. రోగిని కొండగట్టు ఆంజనేయుని సన్నిధికి గొనిపోయి మండలమురోజులు అచటనుంచు నాచారము దీనినుండి వచ్చినది. ఈ నమ్మకమును నిరపాయమని నేననను. భూతవైద్యుని వేపమండల దెబ్బలు దయ్యమునకు గాక రోగికే తగులును. మూర్ఛరోగికి మందు అందవలసిన కాలము తాయెత్తులతో గడచిపోవును. ఐనను ఆ వాక్యమున మూడవ మనుష్యుడు లేడు.

చేయుటకు కర్త మనుష్యుడు. అతనికి అదే గ్రామమున నిల్లును, పేరును కలవు. చేతబడి యందలి ‘చేత’ చేయు ధాతువునుండి పుట్టిన నామమని నా యభిప్రాయము. సంస్కృతమునను అభిచారమువలన పుట్టు శక్తికి ‘కృత్య’ యని పేరు, అదియు కృధాతుజన్యమే. అథర్వవేదమున కృత్యను దాని ప్రయోక్తమీదికే మరలించు సూక్తములు కలవు. కావున ఈ భావన ప్రాచీనమని యొప్పుకొనవలసినదే. బాణామతి యను మాటను మహారాష్ట్రులు ‘భానామతి’ యందురు. హిందీ నుడికారమున మాయపెట్టెతో ప్రసిద్ధయైన భానుమతి గారడికత్తె. ఆ పేరునకు నీ మాటకు నున్న పోలిక స్పష్టము. గారడి పేరు మన సరిహద్దుపల్లెలలో నరహత్యకు దారితీయు నపవాదమగుట శోచనీయము.

ఆ హత్యకు మొదటి మెట్టు ‘ఎవరో చేసిరి’ అను చిన్నవాక్యము. బిడ్డ విషజ్వరముతో పోవును. పాడిబర్రె కారణము తెలియక చచ్చును. వయసులోనున్న కుమారుడు దినదినము క్షీణించును. ‘ఎవరో’ యనునది సర్వనామము. అది తన స్థానమున నొక సంజ్ఞను గోరును. అదివరకే గట్టుతగవున్న పాలివాని పేరో, దిక్కులేని వితంతువు పేరో, నాలుగు మూలికలెరిగిన వృద్ధుని పేరో యా స్థానమున వచ్చి చేరును. మంత్రగాడు ఆ పేరును చెప్పనక్కరలేదు. తూర్పుదిక్కున, ఎర్రని మనిషి, మీ యింటికి వచ్చి పోవువాడు అనిన జాలును. పేరును వినువాడే పూరించుకొనును. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రములు చేయుచున్నారను అనుమానముతో నొక తండ్రిని, అతని యిద్దరు కుమారులను చంపిరి. జగిత్యాల మారుమూల యడవి గాదు, జిల్లాకేంద్రము. పాఠశాలలు, కళాశాలలు, ఆసుపత్రులు నున్న పట్టణమున నా మూడు ప్రాణములు పోయినవి.

ఇచట నమ్మువారికి వారి శాస్త్రమునే చూపవలెను. భూతవిద్యను అష్టాంగములలో నొకటిగా గణించిన యాయుర్వేదమున చరకాచార్యుడు ఉన్మాదనిదానమును జెప్పుచు, తనంతట తాను చెడనివానిని దేవతలు గాని, గంధర్వులు గాని, పిశాచరాక్షసులు గాని బాధింపరనియు, ప్రజ్ఞాపరాధముచే గలిగిన వ్యాధికి వారిని నిందింపరాదనియు స్పష్టముగా జెప్పెను. పిశాచమునే నిందింపరాదనిన శాస్త్రము పొరుగువానిని నిందింప ననుమతించునా? భాగవత నవమస్కంధమందలి అంబరీషోపాఖ్యానమును పోతన తెనుగున చదువని పండితుడుండడు. దుర్వాసుడు తన జటనుండి కృత్యను సృజించి రాజుపై బంపెను. ప్రయోక్త యెవ్వడో అనుమానము కాదు, ప్రత్యక్షము. అట్టిచోటను అంబరీషుడు కత్తి దూయలేదు. సుదర్శనముచే తరుమబడు నా మునిని రక్షింపుమని తానే ప్రార్థించెను. కృత్యను నమ్మువాడు అంబరీషుని కూడ నమ్మవలెను గదా! సగము కథను నమ్మి సగమును విడుచుట భక్తి గాదు.

తర్కమును సైతము మరువరాదు. కాకి వ్రాలినంతనే తాటిపండు పడినచో కాకియే పడద్రోసెననుట కాకతాళీయము. పొరుగువాడు ముంగిట నిలిచి చూచెను, మరునాడు బిడ్డకు జ్వరము వచ్చెను. ఇందు పౌర్వాపర్యమే కలదు గాని వ్యాప్తి లేదు. అతడు చూచిన పిల్లలందరకు జ్వరము వచ్చెనా, జ్వరము వచ్చిన పిల్లలనందరను అతడు చూచెనా యని యొక్కమారు విచారించిన నీ యనుమానము నిలువదు.

నమ్మనివారి పక్షమునను లోపము కలదు. వారు గ్రామమునకు వచ్చి, పసుపునకు సున్నము తగిలిన నెరుపగుట చూపి, నిమ్మకాయ నెత్తురు గార్చిన రహస్యమును విప్పుదురు. ఇది మేలైన పని. కాని, ‘నా బిడ్డ యేల పోయెను?’ అను తల్లి ప్రశ్నకు పసుపుసున్నములు సమాధానము గావు. దయ్యము లేదు, మీరు మూర్ఖులనిన నామె మరల మంత్రగానియొద్దకే పోవును; అతడు అబద్ధమైనను నొక సమాధానము చెప్పును. రక్తపరీక్షయు, వ్యాధి పేరును, దయగల మాటయు నామెకు ముందు అందవలెను. కర్తృపదస్థానమున వ్యాధి పేరు చేరిననే మనుష్యుని పేరు తొలగును.

సాహిత్యమునను ఈ భేదమును గమనింపవచ్చును. 1909 లో ప్రకటితమైన కన్యాశుల్కము ద్వితీయరూపమున గవరయ్య దయ్యమును సీసాలో బంధించితినని చెప్పును. గురజాడవారు భయపడువారికంటె భయమును అమ్ముకొనువానినే నవ్వులపాలు చేసిరి. అట్లు నవ్విన పాఠకుడు ఎవ్వరిపైనను రాయి విసరడు. 1980 ప్రాంతమున విశేషజనాదరము బొందిన యండమూరి వీరేంద్రనాథుని ‘తులసిదళం’ నవలలో ఆస్తికై కొందరు పసిబిడ్డపై క్షుద్రప్రయోగము చేయింతురు. కథనశక్తి యందు ఆ నవలకు సాటి తక్కువ. ఉత్కంఠ పోషించుటలో నా రచయిత సిద్ధహస్తుడు. ఐనను దాని వాక్యము ‘చేసిరి’ యను జాతిలోనిదే. మన యాపదకు మనవాడొక్కడు రహస్యముగా కారకుడయ్యెనను భావనను అది పాఠకుని మనమున నాటును. నా యాక్షేపము దయ్యమును వ్రాసినందుకు గాదు. పుస్తకమును మూసిన పిమ్మటను పాఠకుడు ప్రక్కయింటివైపు అనుమానముతో జూచుటకు తావిచ్చినందుకు.

శాసనము నీ మార్గముననే నడచినది. నరేంద్ర దాభోల్కరు 2013 ఆగస్టు 20 న పుణేలో హతుడైన పిమ్మట మహారాష్ట్రము ఆ యేటనే చేసిన చట్టము విశ్వాసమును నిషేధింపక, నిషిద్ధక్రియలను పట్టికగా జూపినది. నమ్మకము మనసులోనిది, క్రియ లోకములోనిది. శిక్ష క్రియకే తగును.

పాఠశాలాపండితులకు నా విన్నపమొకటి. దయ్యములు లేవని బాలురచే వల్లెవేయింపనక్కరలేదు. కలవని బెదరింపను వలదు. కర్తృపదమును బోధించునాడు ‘ఎవరో చేతబడి చేసిరి’ అను వాక్యమును నల్లబల్లపై వ్రాసి, ఈ క్రియకు కర్త యెవ్వరు, అతడే కర్తయనుటకు ప్రమాణమేమి యని యడుగుడు. ప్రత్యక్షమా, అనుమానమా, చెప్పుడుమాటయా యని వారిచేతనే చెప్పింపుడు. ఆ ప్రశ్న నేర్చిన బాలుడు పెరిగి పెద్దవాడై, పంచాయతి కూడినచోట నొక పేరు వినబడినప్పుడు లేచి యదే ప్రశ్న నడుగగలడు.