పాన్ కార్డులో ఐదో అక్షరం

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతంలో పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. వానాకాలం మొదట్లో విత్తనం పెడితే సంక్రాంతి దాటాక తవ్వకాలు మొదలవుతాయి. ఉడకబెట్టాలి, ఆరబోయాలి, పాలిష్ పట్టాలి. ఇంత కష్టపడి యార్డుకు చేర్చిన సరుకు కాటా ఎక్కి కొనుగోలుదారు బస్తాలో పడగానే, అది ఎవరి చేనుదో చెప్పేవాడుండడు. ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా మోసుకెళ్లిన పసుపు అక్కడి పేరుతోనే చలామణీ అవుతుంది.

అందుకే వేల్పూర్ మండలంలో ఓ కుటుంబం పసుపును పొడి కొట్టించి, ప్యాకెట్ మీద తమ పేరు వేసుకుని ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటే అది చిన్న నిర్ణయం కాదు. అయితే ఆ దారిలో మొదట అడ్డుపడేది గిరాకీ కాదు. ‘మీరెవరు?’ అనే ప్రశ్న. పాన్, జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా, చిరునామా రుజువు, ఆహార పదార్థం కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కావాలి. కొన్ని వేదికలు కెమెరా ముందు కూర్చోబెట్టి అసలు కార్డులు చూపించమంటాయి.

చిక్కు ఎక్కువగా పేరు దగ్గరే వస్తుంది. పాన్‌లో అక్షరాలు, అంకెలు కలిపి పది ఉంటాయి. నాలుగో అక్షరం పి అయితే అది వ్యక్తి కార్డు, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థది. వ్యక్తుల కార్డులో ఐదోది ఇంటిపేరు మొదటి అక్షరం. తెలుగువాళ్లం ఇంటిపేరును ముందు రాస్తాం, చాలాసార్లు పొడి అక్షరంతో సరిపెడతాం. ఫారంలో చివరి పేరు అన్న గడిలో ఇంటిపేరు రాసినవారూ ఉన్నారు, సొంత పేరు రాసినవారూ ఉన్నారు. అలా ఒకే మనిషి పాన్‌లో ఒక తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా, బ్యాంకు పాస్‌బుక్‌లో మూడో తీరుగా కనబడతాడు. ఊరివాళ్లకు ముగ్గురూ ఒక్కరేనని తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు.

చిరునామాదీ అదే కథ. ఇంగ్లీషులో వేల్పూర్‌ను ఒకరు యుతో రాస్తే మరొకరు రెండు ఓలతో రాస్తారు. 2014 జూన్ 2కు ముందు తీసుకున్న ఆధార్‌ను మార్పించుకోనివారి కార్డులో రాష్ట్రం ఇంకా ఆంధ్రప్రదేశే. జీఎస్టీ నంబరేమో తెలంగాణ కోడ్ 36తో మొదలవుతుంది, ఆ వెంటనే పాన్‌లోని పది అక్షరాలూ వరసగా వస్తాయి. అంటే పాన్‌లో తప్పుంటే ఆ తప్పు మీదే మిగతా కాగితాలన్నీ లేస్తాయి. కాబట్టి సరిదిద్దడం పాన్, ఆధార్‌ల నుంచే మొదలుపెట్టాలి. తర్వాతే బ్యాంకుకు, ఆ తర్వాతే జీఎస్టీకి వెళ్లాలి. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

సొంత పొలంలో పండినదాన్ని అమ్ముకునేంత వరకు రైతుకు జీఎస్టీ నమోదు అక్కర్లేదని చట్టంలోని 23వ సెక్షన్ చెబుతుంది. ఆన్‌లైన్ వేదిక మీద వ్యాపారిగా సరుకు పెట్టేవారి లెక్క వేరు. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న అమ్మకందారులకు కొంత వెసులుబాటు వచ్చింది కానీ, అది సొంత రాష్ట్రంలో అమ్మేవారికే. బెంగళూరు నుంచి వచ్చే ఆర్డరు కూడా కావాలంటే నమోదు తప్పదు. ప్యాకింగ్ కిరాయి గదిలో జరుగుతుంటే కిరాయి ఒప్పందం, తండ్రి పేరున ఉన్న ఇంట్లో జరుగుతుంటే ఆయన సమ్మతి పత్రం, కరెంటు బిల్లు ముందే సిద్ధం చేసుకోవాలి.

ఇంత ఆరా ఎందుకని విసుగు పుట్టడం సహజం. కానీ పసుపు విషయంలో ఈ ఆరాకు బలమైన కారణం ఉంది. రంగు కోసం పొడిలో మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ కలిపే మోసగాళ్లున్నారు. బంగ్లాదేశ్‌లో 2019లో పరీక్షించిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కల్తీ బయటపడింది. ప్రభుత్వం గట్టిగా పట్టుకోవడంతో 2021కల్లా అది సున్నాకు దిగింది. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా కొనేవారికి కనబడాలి. అమెరికాలోనూ 2023 జూన్ 27 నుంచి, ఏడాదిలో 200 అమ్మకాలు, 5,000 డాలర్ల రాబడి దాటిన అమ్మకందారుల వివరాలను వేదికలు సరిచూడాల్సిందే. నిజాయితీగా పండించి, ఏమీ కలపకుండా పొడి కొట్టేవారికి ఈ తనిఖీ అండగా నిలుస్తుంది. కాగితాలు కుదరక వెనుదిరిగేది కూడా వాళ్లే కావడమే బాధాకరం.

ఈ ప్రాంత రైతుకు కాగితాలంటే బెదురని ఎవరూ అనలేరు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీపడితే, వారిలో 178 మంది పసుపు బోర్డు, పంటల మద్దతు ధర కోసం నిలబడ్డ రైతులు. ప్రతి ఒక్కరూ నామినేషన్ పత్రం నింపారు, అఫిడవిట్ ఇచ్చారు, పరిశీలనలో నెగ్గారు. వేల్పూర్‌కు ఇంకో చరిత్ర కూడా ఉంది. బాలకార్మికులు లేని మండలంగా 2001లో పేరు తెచ్చుకుంది. అప్పుడు పనులు మాన్పించి బడిలో పేరు రాయించిన పిల్లలు ఇప్పుడు ముప్పై దాటినవారు. ఫోన్‌లో వ్యాపారం చేయగలిగిన తరం అది.

వాళ్లకు కావలసిన సాయం పెద్దదేమీ కాదు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్‌లో మొదలైంది. వేల్పూర్ మండలం పడిగెల్‌లోనే స్పైసెస్ పార్కు ఉంది. తవ్వకాలు మొదలు కాకముందే అక్కడొక బల్ల వేసి, పాన్, ఆధార్, పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసి, ఏది ముందు దిద్దుకోవాలో చెప్పే మనిషిని బోర్డు కూర్చోబెట్టాలి. రైతులు పొలం పనుల్లో తీరిక లేకుండా పోయాక ఆ బల్ల వేసినా ఎవరూ రారు.