పది వాట్లలో పదిలం

వినుకొండ గుర్రం జాషువా పుట్టిన ఊరు. ఆయన ‘శ్మశానవాటి’ పద్యాలను పుస్తకంలో చదవకపోయినా, హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో విని కంఠతా పట్టినవాళ్లు పల్నాట ఎందరో ఉన్నారు. పద్యం ఒకటే అయినా పాడే గొంతును బట్టి దాని నడక మారుతుంది. ఒక నటుడు ఫలానా పాదం దగ్గర ఆగి తీసిన రాగం మరో నటుడు తీయడు. ‘వన్స్ మోర్’ అని జనం కేక వేస్తే, రెండోసారి అదే నటుడు ఇంకోలా అందుకుంటాడు. ఆ రాత్రి వేదిక ముందు టేపు రికార్డరు పెట్టుకుని కూర్చున్నవాడి దగ్గర తప్ప ఆ పాట మరెక్కడా దొరకదు.

అలాంటి క్యాసెట్లు ఇప్పుడు బీరువాల అడుగున ఉన్నాయి. పెళ్లి సీడీలు, నాయనమ్మ మాటలు, పొలం కాగితాల ఫొటోలు, పిల్లల చిన్ననాటి వీడియోలు ఫోన్లలోనూ పెన్‌డ్రైవుల్లోనూ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. టేపుకు బూజు పట్టినా, ఫోను నీళ్లలో పడినా వాటి కథ అంతటితో సరి. వీటన్నిటికీ ఇంట్లోనే ఒక చోటు కట్టుకోవచ్చు. ఒక చిన్న కంప్యూటరు, రెండు డిస్కులు, పది వాట్ల కరెంటు చాలు. నిల్వ సర్వర్ అంటే ఇదే.

సొంతంగా సర్వర్ కట్టుకునే అలవాటు కొత్తదేమీ కాదు. 2004లో లింక్‌సిస్ కంపెనీ ఎన్‌ఎస్‌ఎల్‌యూ2 అనే చిన్న పెట్టెను అమ్మకానికి తెచ్చింది. యూఎస్‌బీ డిస్కును ఇంటి నెట్‌వర్కుకు తగిలించడం దాని పని. లోపల నడిచేది లినక్స్ అని గమనించిన ఔత్సాహికులు దాన్ని విప్పి, సొంత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పూర్తిస్థాయి సర్వర్‌గా మార్చుకున్నారు. 2009లో గోడ సాకెట్లో అమరిపోయే షీవాప్లగ్, 2012లో రాస్‌ప్‌బెర్రీ పై వచ్చాయి. తక్కువ కరెంటు, విప్పి చూసుకోగల యంత్రం, ఎవరైనా చదవగల సాఫ్ట్‌వేర్ అన్నవి ఈ సంప్రదాయానికి మూడు కట్టుబాట్లు.

ముందుగా కరెంటు లెక్క చూద్దాం. సర్వర్ ఇరవైనాలుగు గంటలూ వెలుగుతూనే ఉండాలి. మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ 70 వాట్లు తాగుతుందనుకుంటే నెలకు 50 యూనిట్లు అవుతాయి. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే మూడు వందలు. పైగా ఆ 50 యూనిట్లు పై స్లాబు ధరలో పడవచ్చు. పది వాట్ల యంత్రానికైతే నెలకు 7.2 యూనిట్లు, అంటే నలభై మూడు రూపాయలు. ఉచితంగా దొరికిన పాత డెస్క్‌టాప్ రెండు మూడేళ్లలో కొత్త యంత్రం ఖరీదును కరెంటు బిల్లులోనే మింగేస్తుంది. అందుకే కొనే ముందు ధర చీటీ కంటే వాట్ల మీటరునే ఎక్కువగా నమ్మాలి.

పది వాట్లకు దిగాలంటే దారులు రెండు. ఆఫీసులు మార్చి పారేసిన జానెడు వెడల్పు పీసీలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. లేదా ఇంటెల్ ఎన్100 ప్రాసెసరు ఉన్న చిన్న బోర్డు తీసుకోవచ్చు. 2023లో వచ్చిన ఆ ప్రాసెసరుకు ఇంటెల్ చెప్పిన హద్దు 6 వాట్లు. నాలుగు ఫోన్ల ఫొటోలు అందుకుని, టీవీకి సినిమా పంపడానికి ఆ బలం సరిపోతుంది. రాస్‌ప్‌బెర్రీ పై కూడా పనికొస్తుంది గానీ దానికి డిస్కులను యూఎస్‌బీ తీగతో తగిలించినప్పుడు మంచి అడాప్టరు ఉండాలి. కరెంటు చాలకపోతే డిస్కు మధ్యలో కనపడకుండా పోతుంది. నిల్వ కోసమే కడుతున్నాం కాబట్టి డిస్కును నేరుగా సాటా పోర్టుకు బిగించగల బోర్డు మేలు.

డిస్కుల దగ్గరే వాట్లు పెరుగుతాయి. మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కు ఊరికే తిరుగుతున్నా సుమారు నాలుగైదు వాట్లు తీసుకుంటుంది. రెండున్నర అంగుళాల డిస్కుకు ఒక వాట్ అటూ ఇటూ చాలు, ఎస్‌ఎస్‌డీకి ఇంకా తక్కువ. అయితే మనకు ఎంత చోటు కావాలి? తొంభై నిమిషాల క్యాసెట్‌ను సీడీ నాణ్యతలో ఎక్కిస్తే దాదాపు 950 మెగాబైట్లు అవుతుంది. ధ్వని రవ్వంత కూడా పోకుండా కుదించే ఫ్లాక్ పద్ధతిలో దాచితే అందులో సగానికి అటూ ఇటూ. అంటే రెండు టెరాబైట్ల డిస్కులో సుమారు నాలుగు వేల క్యాసెట్లు పడతాయి. ఒక నాటక సమాజం జీవితమంతా ఆడిన ఆట అందులో ఇమిడిపోతుంది. అందుకని పెద్ద డిస్కు ఒకటి కొనే కంటే చిన్నవి రెండు కొనడం తెలివి.

పల్నాడు ఎండ సంగతి తెలిసిందే. రెంటచింతల పేరు ప్రతి వేసవిలోనూ వార్తల్లో వింటాం. చాలా హార్డ్ డిస్కులకు తయారీదారులు చెప్పే గరిష్ఠ వేడి 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. గది వేడికి డిస్కు సొంత వేడి తోడవుతుంది కాబట్టి, మేడ మీద స్లాబు కింది అటక మే నెలలో డిస్కుకు పనికిరాదు. పాత ఇళ్లలో నాపరాళ్ల మందపాటి గోడకు గూడు ఉంటే అంతకు మించిన చోటు లేదు. కింది అంతస్తులో, నేలకు రెండడుగుల ఎత్తున, గాలి ఆడే మూల అయినా సరే. నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను ఒకటి, దాని ముందు ఉతుక్కునే వల ఒకటి పెట్టాలి. మిరపకాయలు కల్లాలకు చేరే రోజుల్లో ఆ వల తీసి చూస్తే పెట్టెలోకి పోకుండా ఆగిన దుమ్మెంతో తెలుస్తుంది.

ఎండతో పాటు కరెంటు కోతలు, పిడుగులు కూడా ఉన్నాయి. డిస్కు మీద రాత జరుగుతుండగా కరెంటు పోతే దస్త్రం పాడవవచ్చు. పది వాట్ల యంత్రానికి చిన్న యూపీఎస్ కూడా చాలాసేపు ఊపిరి పోస్తుంది. తక్కువ కరెంటు వల్ల కలిగే రెండో లాభం ఇదే. బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు సర్వర్‌ను దానంతటదే పద్ధతిగా ఆపేలా ‘నట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అమర్చుకోవచ్చు. పిడుగుల గాలివాన వచ్చేటప్పుడు మంచి ఎర్తింగ్ ఒక్కటే చాలదు, కరెంటు ప్లగ్గు, నెట్ తీగ రెండూ పీకెయ్యడమే శ్రీరామరక్ష.

సాఫ్ట్‌వేరుకు డబ్బు పెట్టనక్కర్లేదు. డెబియన్ అనే లినక్స్ మీద ఓపెన్‌మీడియావాల్ట్ ఎక్కిస్తే మిగతా పని బ్రౌజరులోనే చేసుకోవచ్చు. ఫోను ఫొటోలకు ఇమ్మిచ్, టీవీకి జెల్లీఫిన్, కంప్యూటర్ల మధ్య దస్త్రాలకు సింక్‌థింగ్ ఉన్నాయి. హైదరాబాదులోనో డల్లాసులోనో ఉన్న పిల్లలు ఇంటి సర్వర్‌ను చూడాలంటే రౌటరు తలుపులు బార్లా తెరవకూడదు. వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ లాంటి గుప్తమార్గం వేసుకోవాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది ప్రతుల సంగతి. రెండు డిస్కులను అద్దంలా జతచేస్తే ఒకటి చెడినా రెండోది నిలబడుతుంది. కానీ పొరపాటున ఒక ఫోల్డరు చెరిపితే ఆ అద్దంలోనూ చెరిగిపోతుంది. కాబట్టి అద్దం వేరు, బ్యాకప్ వేరు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇక్కడ పాటించాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఊరు దాటి. వినుకొండలో సర్వర్, బీరువాలో విడి డిస్కు, నరసరావుపేటలో అక్కయ్య ఇంట్లో తాళంవేసిన (ఎన్‌క్రిప్ట్ చేసిన) ప్రతి ఒకటి ఉంటే సూత్రం నెరవేరినట్టే.

మన తాళపత్రాలు బతికింది ఇలాగే. ఆకు శాశ్వతం కాదని తెలిసే మన పెద్దలు తరం తరానికీ తిరగరాయించారు. సి.పి. బ్రౌన్ కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్చి, తప్పులు దిద్ది శుద్ధప్రతులు రాయించాడు. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థలు చేసే పనీ అదే. ప్రతి ముక్కకూ ఒక సరిచూపు అంకె రాసిపెట్టుకుని, నెలకోసారి అన్నీ చదివి, ఎక్కడైనా అంకె తప్పితే రెండో డిస్కులోని మంచి ప్రతితో దిద్దుతాయి. ఈ నెలవారీ తనిఖీని స్క్రబ్ అంటారు. అది నడవని సర్వర్‌లో ఫొటో ఎప్పుడు పాడైందో ఎవరికీ తెలియదు.

లేఖకుల దగ్గర నేర్చుకోవలసింది మరొకటి ఉంది. వాళ్లు గ్రంథం చివర తమ పేరు, ఊరు, తిథి, ఎవరి కోసం రాశారో రాసేవారు. ‘ఆడియో 0017’ అన్న పేరుతో దాచిన దస్త్రం పదేళ్లకు అనాథ అవుతుంది. ఆడిన ఊరు, తేదీ, నాటకం, సీను, నటుడు, హార్మోనియం ఎవరిదన్న వివరాలు దస్త్రం పేరులో కొంత, పక్కనే తెలుగులో రాసిన చిన్న పాఠంలో కొంత ఉండాలి. పల్నాటి వీరుల కథను అలిసెట్టి గాలెయ్య పాడగా పరిశోధకుడు జీన్ రోఘైర్ రికార్డు చేసి, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా తెచ్చాడు. గాయకుడి పేరు ఆ పుస్తకం అట్టలోపలే ఉండబట్టి ఆ గానం ఫలానావారిదని లోకానికి తెలిసింది. మన ఊరి నటులకూ ఆ న్యాయం జరగాలి.

క్లౌడ్‌ను తిట్టాల్సిన పని లేదు. తాళంవేసి పంపితే ఊరు దాటిన ప్రతికి అదీ ఒక చోటే. కాకపోతే అద్దె ఆగితే, ఖాతా మూసుకుపోతే, పాస్‌వర్డు తెలిసిన మనిషి లేకపోతే అక్కడి సరుకు మన చేతికి రాదు. ఇంటి సర్వర్ ఇంటి ఆస్తి. ఇందులో మరిచిపోయే ప్రమాదం ఒకటుంది. కట్టినవాడికి తప్ప ఇంట్లో ఇంకెవరికీ దాని గుట్టు తెలియకపోవడం. అందుకే ఎక్కడ ఏ డిస్కు ఉంది, ఎలా తెరవాలి, పాస్‌వర్డులు ఏమిటన్నవి ఒక కాగితం మీద తెలుగులో రాసి పొలం దస్తావేజులతో పాటు భద్రపరచాలి. ఇంట్లో ఇంకొకరి చేత ఒక ఫొటోను బ్యాకప్ నుంచి వెనక్కి తీయించి చూడాలి. అలా తీయగలిగిన రోజునే ఆ సర్వర్ పూర్తయినట్టు లెక్క.

టేపు ఆడించే యంత్రాలు, వాటిని బాగుచేసేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. సర్వర్ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు కట్టుకోవచ్చు. క్యాసెట్లు మాత్రం అంత కాలం ఆగవు. మీ ఇంట్లో ఉన్నవి ఈ వారమే బయటికి తీయండి, ఎక్కించండి, రెండు చోట్ల దాచండి.